శ్రీశైలం కాలిబాట: నాలుగు కాలాలు, ఒక కుక్క

మా జేజి శ్రీశైలానికి రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి నడిచి, రెండోసారి బస్సులో. రెండో ప్రయాణం గురించి అడిగితే "ఏముండాదిరా, ఎక్కినాం, దిగినాం" అనేసేది. మొదటిదాని గురించి మాత్రం చివరి రోజుల దాకా చెబుతూనే ఉండేది. ఆత్మకూరు దాటి అడవిలోకి అడుగు పెట్టడం, నాగలూటి మెట్లు, పెచ్చెరువు గట్టున రాత్రంతా మండిన నెగళ్ళు, భీముని కొలనులో చల్లని నీళ్ళు, కైలాసద్వారం చేరి మోకాళ్ళు పట్టుకొని ఏడ్చిన ముసలమ్మలు. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా గుంపుకు ముందు ఒక చెంచు మనిషి, అతని వెంట రెండు కుక్కలు నడుస్తూ ఉండేవి. ఆ మనిషి పేరు జేజికి తెలియదు. కుక్కల రంగులు మాత్రం గుర్తున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి చారలది.

కొన్నేళ్ళ క్రితం ఒక శివరాత్రికి నేనూ ముగ్గురు మిత్రులతో కలిసి ఆ దారిన నడిచాను. మాకూ ఒక కుక్క తోడు వచ్చింది. ఆ కుక్క కథ చివర చెబుతాను. అది చెప్పడానికి నాకు కొంచెం ధైర్యం కావాలి. నడిచి వచ్చిన తరువాత ఆ బాట గురించి దొరికినంత చదివాను. చదివేకొద్దీ ఒక సంగతి మనసులో ముల్లులా దిగింది. మెట్లు కట్టించినవారి పేర్లు మనకు తెలుసు. నడిచి వచ్చిన మహానుభావుల పేర్లూ తెలుసు. వాళ్ళను ప్రాణాలతో అడవి దాటించినవారి పేరు ఒక్కటీ తెలియదు. ఈ టపా ఆ లోటు గురించి.

దారి

శ్రీశైలానికి నాలుగు ద్వారాలని పెద్దలు చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. పటం ముందు పెట్టుకొని చూస్తే ఈ మాట నాకు పురాణంలా కాక బాటసారి కోసం చెప్పిన గుర్తులా కనిపిస్తుంది. నాలుగు దిక్కుల నుంచి వచ్చే జనం ఒకచోట ఆగాలి, గుంపు కూడాలి, బియ్యం పప్పు మూట కట్టుకోవాలి, తోడు కుదుర్చుకోవాలి. ఒంటరిగా పోదగిన దారి కాదది. శిఖరదర్శనం అయితే చాలు, మళ్ళీ జన్మ లేదన్న నానుడి కూడా ఆ ప్రయాసలోంచే పుట్టిందని నా ఊహ. చివరి కొండ ఎక్కలేక దూరం నుంచే దండం పెట్టుకొని తిరిగిపోయిన వాళ్ళకు అంతకన్నా ఓదార్పు ఏముంటుంది?

నేను నడిచినది పడమటి వైపు దారి. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో మొదలై, నాగలూటి వీరభద్రస్వామి గుడి మీదుగా పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం దాటి శ్రీశైలం చేరుతుంది. నలభై కిలోమీటర్ల పైమాటే. పెచ్చెరువంటే పెద్దచెరువే, జనం నోట్లో నలిగి అట్లా అయింది. ఈ దారిలో సమతలం ఉన్నంతసేపు అడవి మనల్ని మభ్యపెడుతుంది. భీముని కొలను దగ్గర ఒక్కసారిగా లోయలోకి దిగాలి. దిగినదంతా మళ్ళీ కైలాసద్వారం దాకా రాతి మెట్లమీద ఎక్కాలి.

ఈ మెట్ల విషయంలో చరిత్ర నోరు విప్పుతుంది. పద్నాలుగో శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించిన పుణ్యాత్ముడని ప్రసిద్ధి. అవతలి పక్క పాతాళగంగకు దిగే మెట్లు కట్టించినది విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ అంటారు. పదహారో శతాబ్దం రెండో దశకంలో శ్రీకృష్ణదేవరాయలు వచ్చాడు. 1677లో శివాజీ వచ్చాడు. రాజులు వచ్చినప్పుడు వారి వెంట సైన్యం ఉంటుంది కనుక పులి భయం తక్కువ. మా జేజి లాంటి వాళ్ళు వచ్చినప్పుడు ఎవరున్నారన్నదే ప్రశ్న.

శివరాత్రి కాలం

పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణమంతా శ్రీశైలానికే ఇచ్చాడు. పర్వత ప్రకరణమని దాని పేరు. "పర్వతం" అంటే చాలు, ఆ రోజుల్లో శ్రీశైలమే. శివరాత్రికి కొండకు కదిలే భక్తుల సందోహం అందులో ఉంది. అంటే కనీసం ఏడువందల ఏళ్ళుగా మాఘమాసం చివర ఈ అడవి మనుషుల అలికిడి వింటోందన్నమాట.

మాఘమే ఎందుకు? శాస్త్రం చెప్పే కారణం శాస్త్రానికుంది. నడిచిన కాళ్ళు చెప్పే కారణం వేరు. వానకాలపు జ్వరాలు అప్పటికి తగ్గి ఉంటాయి. వాగులు దాటడానికి వీలుగా సన్నగిల్లి ఉంటాయి గాని, కుంటలు పూర్తిగా ఎండిపోవు. పైరు ఇంటికి వచ్చి రైతుకు తీరిక. ఆకు రాలి అడవి పలచబడి, నాలుగడుగుల దూరంలో ఏముందో కంటికి ఆనుతుంది. మోదుగులు పూచి కొండవాలు అక్కడక్కడ అంటుకున్నట్టుంటుంది. చలి శివశివా అంటూ పోతుందని సామెత గాని, అడవిలో తెల్లవారుజామున అది ఇంకా గట్టిగా పట్టుకొనే ఉంటుంది. పగలు మాత్రం చెమట. ఒక్క రోజులో రెండు కాలాలు.

వెంకటాపురం దగ్గర మాతో ఆ కుక్క కలిసింది. మామూలు ఊరకుక్క. ఎర్రగా, చెవి కొస తెగి, బక్కగా ఉంది. మిత్రుడొకడు బిస్కత్తు విసిరాడు. అంతే, నాగలూటి దాకా మా ముందు ఇరవై అడుగుల్లో నడిచింది. మేము ఆగితే ఆగేది. పొదల వైపు చెవులు నిక్కించి చూస్తే మేమూ చూసేవాళ్ళం. దారి పొడుగునా వందల మంది ఉన్నారు, భయపడవలసినదేమీ లేదు. అయినా ముందు ఒక కుక్క నడుస్తుంటే కాలికి వచ్చే ధైర్యం వేరు. మా జేజి చెప్పిన ఎర్రకుక్క ఇదేనేమో అని నవ్వుకున్నాను కూడా.

ఉగాది కాలం

శివరాత్రి దాటిన నెలకు ఉగాది. అప్పుడు దారి నిండా కన్నడమే వినిపిస్తుంది. కర్ణాటకంలో ఎక్కడెక్కడి పల్లెల నుంచో రోజుల తరబడి నడిచి వచ్చే భక్తులకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. చీర, సారె తీసుకొని బిడ్డను చూడవస్తారు. చెంచులకు కూడా మల్లయ్య అల్లుడే. వేటకు వచ్చి చెంచుపిల్లను మనువాడాడని, అందుకే చెంచు మల్లయ్య అయ్యాడని వారి కథ. ఒకే అల్లుడికి ఇద్దరు మామలు! ఆ ఇద్దరిలో ఒకరు దారి నడిచేవారు, ఒకరు దారి చూపేవారు.

కాలం మాత్రం మారిపోతుంది. ఈ నెల రోజుల్లోనే కుంటలు ఇంకిపోతాయి. రాతిమెట్లు కాలుతాయి. ఇప్పపువ్వు రాలే రోజులివి. తెల్లవారకముందే చెట్ల కింద ఆ పూలు తినడానికి ఎలుగుబంట్లు వస్తాయి. నల్లమలలో మనిషికి ఎక్కువ భయం పెట్టేది పులి కాదు, ఎలుగే. పులి మనిషి అలికిడి వింటే సాధారణంగా తప్పుకుంటుంది. ఎలుగు తిండి ధ్యాసలో పడి వినదు. దగ్గరకొచ్చాక బెదిరి మీదపడుతుంది. వెంట కుక్క ఉంటే అదొక చిక్కు. మొరిగి రెచ్చగొడుతుంది, ఎలుగు తరిమితే రక్షణ కోసం నేరుగా మన కాళ్ళ మధ్యకే పరిగెత్తి వస్తుంది. దాని వెనకే ఎలుగు. నేర్పిన వేటకుక్కకూ ఊరకుక్కకూ తేడా అక్కడే తెలుస్తుంది.

ఈ ఎండల మొదట్లోనే, 1794 మార్చిలో, కాలిన్ మెకంజీ శ్రీశైలం వచ్చాడు. తరువాత మన కైఫీయతులు సేకరించిన మహానుభావుడు ఈయనే. ఆ ప్రయాణం గురించి ఆయన రాసినది 1798లో ఏషియాటిక్ రీసెర్చెస్ ఐదో సంపుటంలో అచ్చయింది. గుడి ప్రాకారం మీది శిల్పాలు ఆయనను ఆకట్టుకున్నాయి. ఇప్పటికీ ఆ గోడ పక్కన నడిస్తే ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు వరుసగా కనిపిస్తాయి. చుట్టూ ఉన్న అడవినే శిల్పులు గోడకెక్కించారని నాకనిపిస్తుంది. గర్భగుడిలోని దేవుణ్ణి చూడటానికి ముందు యాత్రికుడు తాను దాటి వచ్చిన భయాలన్నిటినీ రాతిమీద మరోసారి చూసుకుంటాడు, ఈసారి కాళ్ళు వణకకుండా.

ఎండకాలపు అసలు ముప్పు నిప్పు. ఎండిన బోద, రాలిన ఆకు, వెదురు. ఒక బీడీ ముక్క చాలు. పూర్వం నెగడు యాత్రికుణ్ణి అడవి నుంచి కాపాడింది. ఇప్పుడు అదే నెగడు నుంచి అడవిని కాపాడవలసి వస్తోంది.

మృగశిర కార్తె

మన భాషలో తొలి యాత్రాగ్రంథాల్లో ఒకటైన కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే 18న చెన్నపట్నం వదిలి, పరివారంతో, గుడారాలతో కాశీకి బయలుదేరాడు. కడప, అహోబిలాల మీదుగా వచ్చి, జూన్ నెలలో ఆత్మకూరు నుంచి శ్రీశైలం వెళ్ళాడు. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను. అవే పేర్లు, అదే వరుస. నూట డెబ్బై ఏళ్ళు దాటిన తరువాత నేను నడిచినదీ అదే వరుసలో. ఆ పుటలు చదువుతున్నప్పుడు ఎవరో నా కంటే ముందు నడిచిన పెద్దమనిషి వెనక్కి తిరిగి మాట్లాడుతున్నట్టు అనిపించింది.

జూన్ అంటే యాత్రల కాలం కాదు. తొలకరి జల్లులు పడితే అడవి రెండు వారాల్లో పచ్చబడుతుంది. దానితో పాటే రక్తపింజరలు, తేళ్ళు, జోరీగలు, కాళ్ళ కింద జారే నాచు. బోద నడుమెత్తు పెరిగి ఎదుటి మలుపులో ఏముందో తెలియదు. పండుగ రోజుల గుంపు ఉండదు. అటువంటప్పుడు యాత్రికుడు పూర్తిగా తోడు వచ్చే మనుషుల మీద, డోలీ మోసే బోయీల మీద ఆధారపడతాడు.

అప్పట్లో ఈ ప్రాంతం కందనవోలు నవాబు ఏలుబడి. శ్రీశైలం వెళ్ళేవారి దగ్గర సుంకం వసూలయ్యేది. సుంకం పుచ్చుకున్న ప్రభుత్వం అడవిలో ఒక్క రాత్రి కూడా కాపలా కాయలేదు. కాసినవాళ్ళు చెంచులు. 1839లో కుంపిణీవారు కందనవోలును కలుపుకున్నారు. తరువాతి ఇంగ్లీషు రాతల్లో చెంచులు ఒకచోట దారి కాపలాదారులు, మరొకచోట దారిదోపిడీ గాళ్ళు. యాత్రికుడు వాళ్ళకు ఇచ్చుకున్నది కూలీ అన్నారు కొందరు, దౌర్జన్యపు వసూలు అన్నారు మరికొందరు. నా లెక్క వేరు. ఆ అడవి వాళ్ళది. అల్లుడి గుడికి పోయే దారి వాళ్ళ పెరట్లోంచి పోతుంది. దారి చూపినందుకు నాలుగు గింజలు, ఒక గుడ్డపేలిక పుచ్చుకోవడం దోపిడీ అయితే, ఏమీ చేయకుండా సుంకం పుచ్చుకోవడాన్ని ఏమనాలి?

వానకాలం

శ్రావణం, భాద్రపదం. ఈ రెండు నెలల అడవిని చూసిన యాత్రికుల రాత ఏదీ నా కంటపడలేదు. పడకపోవడమే సహజం, ఆ రోజుల్లో కొండకు పోయేవారు లేరు. వాగులు పొంగుతాయి. కింద కృష్ణ నిండుగా సుడులు తిరుగుతుంది. దోమలు, వాటితో చలిజ్వరం. పులి చంపినవారి కంటే ఆ జ్వరం చంపినవారే ఎక్కువై ఉంటారు.

అప్పుడు అడవిలో మిగిలేది చెంచులు, వారి కుక్కలు. కృష్ణకు ఆవలి ఒడ్డున, అప్పటి నిజాం రాజ్యంలోని అమరాబాదు పీఠభూమిలో, ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1940లో చెంచు పెంటల్లో గడిపి, వారి జీవితాన్ని 1943లో పుస్తకంగా అచ్చువేశాడు. గడ్డలు తవ్వుకొని, తేనె దింపుకొని, నీళ్ళున్న చోటికి, ఇప్ప పూచే చోటికి కాలాన్నిబట్టి మకాం మార్చుకునే బతుకు అది. వాళ్ళకు ఋతువులు పంచాంగంలో లేవు, కాళ్ళలో ఉన్నాయి. కుక్క ఆ బతుకులో భాగం. వేటలో ముందుండేది, రాత్రి గుడిసె ముందు పడుకునేది అదే. మైలారదేవుడి పక్కనా, ఖండోబా పక్కనా, భైరవుడి పక్కనా కుక్క ఎందుకుందో పుస్తకాల్లో వెతకనక్కరలేదు. ఒక రాత్రి అడవిలో పడుకుంటే తెలుస్తుంది.

వానకాలపు నల్లమల ఎంత దుర్గమమో తెలుగువారందరికీ తెలిసిన రోజు ఒకటుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టరు ఈ అడవి మీద ఆచూకీ లేకుండా పోయింది. పావురాలగుట్ట మీద దాని శకలాలు కనిపించేసరికి మరుసటి రోజు ఉదయమైంది. విమానాలు, ఉపగ్రహాలు ఉన్న కాలంలో కూడా ఒక రాత్రి పాటు ఆ కొండలు తమ రహస్యాన్ని దాచుకోగలిగాయి.

భయం చేతులు మారడం

ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ఘాటురోడ్డు వచ్చింది. దోర్నాల వైపు నుంచి బస్సులు నడిచాయి. ఆనకట్ట కట్టడంతో హైదరాబాదు వైపు నుంచీ రాకపోకలు పెరిగాయి. రోజుల నడక గంటల్లోకి వచ్చింది. మా జేజి "ఎక్కినాం, దిగినాం" అన్నది ఆ మార్పు గురించే. కాలిబాట మాత్రం ఏడాదికి రెండు పండుగల దారిగా మిగిలింది.

1978లో ఈ అడవిని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. 3,568 చదరపు కిలోమీటర్లతో దేశంలోనే అతి పెద్ద పులుల అభయారణ్యంగా పేరు పొందింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమరాబాదు పేరుతో తెలంగాణకు వెళ్ళింది. ఈ మధ్యకాలంలో మరో భయం కూడా వచ్చి పోయింది. 1990ల నుంచి 2000ల నడిమి దాకా నల్లమల పేరు చెబితే జనానికి పులి గుర్తుకు రాలేదు, తుపాకి గుర్తుకు వచ్చేది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు నక్సలైటు నాయకులు బయటికి వచ్చింది ఈ అడవిలోంచే. ఆ ఏళ్ళలో గూడేల వాళ్ళు ఇటు వాళ్ళకు అటు వాళ్ళ మనుషులుగా, అటు వాళ్ళకు ఇటు వాళ్ళ మనుషులుగా కనిపించి నలిగిపోయారు.

ఇప్పుడు అటవీశాఖవారు శివరాత్రికి, ఉగాదికి కొద్ది రోజులు మాత్రం ఈ దారి తెరుస్తారు. రాత్రిపూట ఘాటురోడ్డు మీద వాహనాలను ఆపేస్తారు. కొందరు భక్తులు దీన్ని తప్పుపడతారు. నడిచి చూసినవాడిగా నేను తప్పుపట్టను. మేము వెళ్ళినప్పుడు దారి పొడుగునా ప్లాస్టిక్ సంచులు, నీళ్ళ సీసాలు. అడవి మనిషికి ప్రమాదంగా ఉన్న రోజులు పోయి, మనిషి అడవికి ప్రమాదమైన రోజులు వచ్చాయి.

కుక్క విషయంలోనూ అంతే. చెంచు కుక్క ఆ అడవిలో పుట్టి పెరిగి, పద్ధతి నేర్చిన కుక్క. గుంపుల వెంట లోపలికి వచ్చే ఊరకుక్క వేరు. అది దుప్పిపిల్లలను తరుముతుంది. దాని ఒంట్లోని జబ్బులు పులికి, చిరుతకు, రేచుకుక్కలకు అంటుకోగలవు. 2018లో గుజరాతు గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు కొద్ది వారాల్లో చచ్చిపోయాయి. వాటిలో కొన్నిటిలో బయటపడినది కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్. ఇదంతా నేను నడిచినప్పుడు ఆలోచించలేదు. బిస్కత్తు విసిరేటప్పుడు ఎవరు ఆలోచిస్తారు?

ఆ కుక్క కథ

పెచ్చెరువు చేరేసరికి పొద్దు గుంకింది. గూడెం పక్కనే బస. నెగడు దగ్గర ఒక చెంచు పెద్దాయన కూర్చొని ఉన్నాడు. ఆయన కుక్కలు రెండు మా కుక్కను చూసి గుర్రుమన్నాయి. ఆయన ఒక్క మాటతో ఊరుకోబెట్టాడు.

"ఈ కుక్క మీదేనా సామీ?" అన్నాడు.

"కాదు తాతా, వెంకటాపురం నుంచి దానంతట అదే వెంట వచ్చింది."

"వచ్చిందా, మీరు తెచ్చినారా? తిండి పెట్టినారు గదా. పెట్టినాంక అది మీదే."

మేము నవ్వాం. ఆయన నవ్వలేదు.

"ఇప్పుడు గుంపులో ఉంది, దీనికేం గాదు. రేపు మీరు గుడికి పోతారు. ఆడ్నుంచి బస్సెక్కుతారు. ఇది యాటికి పోవాల? తిరిగి ఒక్కటే ఈ దావనే రావాల. చిరుతకు కుక్కంటే, మనకు జామకాయ అంటే ఎట్లనో అట్ల."

ఆ రాత్రి తన తాడే ఇచ్చి, దాన్ని నెగడుకు దగ్గరగా కట్టించాడు. నడిరాత్రి కుక్కలన్నీ చెరువు వైపు తిరిగి మొరగడం మొదలుపెట్టాయి. నేను లేచి కూర్చున్నాను. "పండుకోండి సామీ, మొరిగినంత సేపు భయం ల్యా. మొరిగి మొరిగి ఉన్నట్టుండి ఊరకుంటేనే లెయ్యాల" అన్నాడు ఆయన, పడుకున్న చోటి నుంచే. వందల ఏళ్ళ అడవి విద్య ఆ ఒక్క మాటలో ఉందని తరువాత తోచింది. అప్పుడు మాత్రం మాట విని నిద్రపోయాను. తెల్లవారి ఆయన మమ్మల్ని మఠంబావి దాకా సాగనంపాడు. డబ్బులిస్తే తీసుకున్నాడు, లెక్కపెట్టలేదు.

కుక్క భీముని కొలను దిగింది, కైలాసద్వారం ఎక్కింది, శ్రీశైలం చేరింది. మేము దర్శనానికి వరుసలో నిలబడితే బయట చెప్పుల దగ్గర కూర్చుంది. మరునాడు బస్సు నిలయానికి కూడా వచ్చింది. మా మిత్రుడు కండక్టరును అడగనే అడిగాడు. "కుక్కలకు టికెట్టు ల్యా సార్, ఎక్కండి, టైమైంది" అన్నాడతను. అతని తప్పేమీ లేదు. మేము ఎక్కాం. వెనక అద్దంలోంచి చూస్తే కొంత దూరం పరిగెత్తి, ఆగిపోయింది.

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట హస్తినాపురం నుంచి ఒక కుక్క నడిచిన సంగతి మనందరికీ తెలుసు. ద్రౌపది పడిపోయింది, తమ్ముళ్ళు పడిపోయారు. చివర ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కకు స్వర్గంలో చోటు లేదు, వదిలి ఎక్కమన్నాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి రానన్నాడు ధర్మరాజు. చిన్నప్పుడు ఈ కథ వింటూ, అందులో అంత గొప్పేముంది, ఎవరైనా అదే చేస్తారు కదా అనుకునేవాణ్ణి. శ్రీశైలం బస్సు నిలయంలో నాకు జవాబు దొరికింది. ఎవరూ చేయరు. నాకు స్వర్గం కూడా అక్కరలేకపోయింది, ఆత్మకూరు బస్సు చాలింది.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాను. వెంకటాపురంలో అడిగితే అటువంటి కుక్కలు పండుగకు పదులు పోతాయి, ఎవరు చూడొచ్చారన్నారు. పెచ్చెరువులో పెద్దాయన కోసం వెతికాను. నెగడు దగ్గర ఆయన లేడు. "ఎవరు సామీ, పేరేం?" అని అడిగాడు గూడెంలో ఒక పిల్లవాడు.

పేరు. ఒక రాత్రంతా ఆయన నెగడు దగ్గర పడుకున్నాను, ఆయన తాడుతో నా కుక్కను కట్టుకున్నాను, ఆయన మాట మీద నిద్రపోయాను, ఆయన వెనక నడిచాను. పేరు అడగలేదు. తల నెరిసినాయన, రెండు కుక్కలుంటాయి, ఒకటి నల్లది, ఒకటి తోక తెల్లది అని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే మా జేజి గొంతులా వినిపించింది.

ప్రోలయ వేమారెడ్డి పేరు ఆరున్నర శతాబ్దాలుగా నిలిచి ఉంది, నిలవవలసిందే. ఆయన మెట్ల మీదే నేనూ ఎక్కాను. వీరాస్వామయ్య పేరు నిలిచింది, ఎందుకంటే ఆయన రాసిపెట్టాడు. ముందు నడిచినవాళ్ళ పేర్లు నిలవకపోవడానికి రాజుల తప్పో, దొరల తప్పో అనుకున్నాను ఇన్నాళ్ళూ. తప్పు అంత దూరంలో లేదు. ఇప్పటికీ ఆ అడవిలో పులుల కాపలా శిబిరాల్లో అడుగుజాడలు చూసి చెప్పేవారిలో చెంచులున్నారు. అంటే తోడు నడవడం వాళ్ళు మానలేదు. మనమే పేరు అడగడం నేర్చుకోలేదు.

మిత్రులకు ఒక మనవి. మీ ఇళ్ళలో శ్రీశైలానికో, అహోబిలానికో, సలేశ్వరానికో, తిరుమలకో బస్సులు లేని రోజుల్లో నడిచి వెళ్ళిన పెద్దవాళ్ళు ఇంకా ఉంటే కూర్చోబెట్టి అడగండి. ఏ నెలలో వెళ్ళారు, ఎక్కడ పడుకున్నారు, దేనికి భయపడ్డారు, రాసిపెట్టండి. ముందు నడిచిన మనిషి పేరు గుర్తుందేమో తప్పకుండా అడగండి. గుర్తుంటే అది ఇక్కడ వ్యాఖ్యగా రాయండి. ఒక్క పేరైనా దొరికితే, ఈ టపాను దాని దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టి రాస్తాను.